లోపం లేని డబ్బా

ఆ ఏడు పైవాళ్లకి ఆవిష్కరణల మీద మనసు పోయింది. అంతకు ముందు ఏడాది మొక్కల మీద పోయింది, ఆ ముందు ఏడాది గోడల మీద నినాదాలు రాయించడం మీద. ఈసారి మాత్రం ప్రతి ప్రభుత్వ కళాశాలా ఏడాది తిరిగేలోగా ఒక కొత్త వస్తువు కనిపెట్టి తీరాలని, కనిపెట్టని చోట ప్రిన్సిపాలు స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలని ఉత్తర్వు వచ్చింది. ఏం కనిపెట్టాలో అందులో లేదు. ఎప్పటిలోగా కనిపెట్టాలో మాత్రం ఉంది.

పొన్నాడపేట పాలిటెక్నిక్ ప్రిన్సిపాలు చిట్టూరి వామనరావు గారు నెమ్మదస్తుడు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఆ ఉత్తర్వు చదువుకున్నప్పటి నుంచి ఆయనకి అన్నం సయించడం మానేసింది. పక్కింటికెళ్లి కాస్త కరివేపాకు ఉందా అని అడిగినట్టు, ఒక్కో డిపార్ట్‌మెంటు గుమ్మంలో నిలబడి, మీ దగ్గర కొత్తవేమైనా ఉన్నాయా అని అడుగుతూ తిరిగారు. సివిల్ వాళ్లు పైకప్పు కారుతోందని చెప్పారు. మెకానికల్ వాళ్లు ఒక పాత లేత్ మిషను చూపించి దీనికి రంగు వేస్తే కొత్తదవుతుందన్నారు. ఆయన నిట్టూర్చుకుంటూ ఎలక్ట్రానిక్స్ ల్యాబు వైపు వస్తుంటే, లోపలి నుంచి ఓ చప్పుడు వినిపించింది.

సన్నగా మొదలై, మధ్యలో గొంతుకి జీర పట్టినట్టు గరగరలాడి, చివర్లో తేనెలా సాగింది. ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్లారు.

లోపల ఎస్తేరు మేడం ఒళ్లో గిటారు పెట్టుకుని కూర్చుని ఉంది. కాలి దగ్గర అల్యూమినియం టిఫిను డబ్బా ఒకటి, దాని మూతకి మూడు నాబ్‌లు, ఒక స్విచ్చి.

పాలపర్తి ఎస్తేరు ఆ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. మనిషి గట్టిగా మాట్లాడదు, పాఠం చెప్పేటప్పుడు కూడా వెనక బెంచీ వాళ్లు ముందుకొచ్చి కూర్చోవాల్సిందే. చేతిలో గిటారు ఉన్నప్పుడు మాత్రం వేరే మనిషి. ఆదివారాలు చర్చిలో ఆమె గిటారు, తమ్ముడు రూబేను డ్రమ్స్. పెళ్లిళ్లకి పిలిచినా వెళ్తారు. ఆ రెండు నెలలుగా ఆమె బుర్ర నిండా ఒకటే పని ఉంది. కాలేజీ స్వర్ణోత్సవాలు రాబోతున్నాయి. అందులో వాయించడానికి ఆమె ఒక బాణీ కట్టుకుంది. తనని చదివించిన కాలేజీ మీదే కట్టిన బాణీ. దానికి తగిన ధ్వని కోసమే ఈ డబ్బా తయారుచేసుకుంది.

దీన్ని ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటారు. గిటారుకీ స్పీకరుకీ మధ్యన నేల మీద పెట్టి కాలితో నొక్కుతారు. అది చేసే పని ఒక్కటే. గిటారు నుంచి వచ్చిన శబ్దాన్ని మోయలేనంతగా పెంచి, పైకి పొంగిన భాగాన్ని డయోడ్లతో కత్తిరించేస్తుంది. అలా తల తెగిన శబ్దానికి ఒక బొంగురు వస్తుంది. రాత్రంతా పాడిన గాయకుడి గొంతులో తెల్లారేసరికి వచ్చే జీర లాంటిది. గిటారు వాయించేవాళ్లు ప్రాణం పెట్టేది ఆ జీర మీదే.

ఎస్తేరు మొదట అందరూ చేసినట్టే చేసింది. వచ్చిన శబ్దం దోమ పాటలా ఉంది. కింది స్వరాలు ఎటుపోయాయో తెలియలేదు. ఒక కెపాసిటరు తీసి పెద్దది వేసింది, కింది స్వరాలు తిరిగొచ్చాయి. మామూలు డయోడ్లు పీకేసి ఎర్రటి చిన్న ఎల్ఈడీ బల్బులు వేసింది. అప్పుడు శబ్దం ఒక్కసారిగా తలుపులు తెరిచినట్టు విచ్చుకుంది. తీగ గట్టిగా మీటినప్పుడల్లా డబ్బాలో ఆ బల్బులు మిణుకుమనేవి. రూబేను మొదటిసారి విన్నప్పుడు చేతిలో కర్రలు కింద పెట్టేశాడు.

"అక్కా, ఇది ఏడుస్తోందా, నవ్వుతోందా?" అన్నాడు.

"రెండూరా," అంది ఎస్తేరు. ఆ రోజు ఆమెకి అన్నం కూడా గుర్తురాలేదు.

వామనరావు గారు డబ్బాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. కొన్నదా చేసిందా అని అడిగారు. చేసిందే అని తెలిసి జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. చెమటో కన్నీళ్లో ఆమెకి తెలియలేదు. ఇది నా సొంతానికి చేసుకున్నది సార్, స్వర్ణోత్సవాలకి కావాలి అని ఎస్తేరు ఎంత చెప్పినా ఆయన వినలేదు. వారంలో ప్రభుత్వ ముద్రతో సహా తెచ్చి మీ చేతిలో పెడతానని మాటిచ్చి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు డబ్బాని ఎత్తుకుని వెళ్లిపోయారు.

నూతన పరికరాల ప్రమాణీకరణ మండలి అని రాజధానిలో ఒక ఆఫీసు వెలిసింది. కనిపెట్టిన వస్తువులన్నీ అక్కడికి వెళ్లాలి. వారం గడిచింది, మరో వారం గడిచింది. డబ్బా రాలేదు గానీ, ఎస్తేరుని స్వయంగా హాజరు కమ్మని కబురొచ్చింది.

మండలి సంయుక్త సంచాలకులు త్రిపురాంతకం గారు పొడవాటి మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా, మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. ఆయన ఎస్తేరుని మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఎదురుగా ఉన్న తెర చూపించారు. తెర మీద రెండు తరంగాలు ఉన్నాయి. డబ్బాలోకి పంపింది గుండ్రంగా కొండలా ఉంది. బయటికి వచ్చింది పైన చదునుగా బల్లలా ఉంది.

"గమనించారు కదమ్మా. పరికరము నుండి వెలువడిన తరంగమునకు శిరోభాగము లోపించినది," అన్నారాయన. ఎవరి చావు వార్తో చెబుతున్నంత నెమ్మదిగా.

అది లోపం కాదని, తల తీసేయడమే దాని పని అని, అందులోంచే ఆ జీర వస్తుందని ఎస్తేరు ఓపిగ్గా వివరించింది. ఆయన ప్రతి మాటా విన్నారు. విని, శబ్దాన్ని కావాలనే పాడుచేస్తున్నారా అని అడిగారు. పాడుచేయడం కాదండీ, పండించడం అంది ఆమె. ఆయన సొరుగులోంచి ఒక పుస్తకం తీసి తిరగేశారు. మండలి నిబంధనల్లో వస్తువులు రెండే రకాలని చెప్పారు. లోపమున్నవి, లోపం లేనివి. లోపం కోసమే చేసిన వస్తువు అనే మూడో రకాన్ని నిబంధనలు రాసినవాళ్లు ఊహించలేదు.

అయితే తిరస్కరించి నా డబ్బా నాకిచ్చేయండి అంది ఎస్తేరు. అదీ కుదరదన్నారు. పొన్నాడపేట పేరు అప్పటికే విజయవంతమైన కళాశాలల జాబితాలో అచ్చయిపోయింది, విజయాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఇంకా రూపొందించలేదు. ఇక మిగిలింది ఒకటే దారి. లోపం సరిచేయాలి.

ఎస్తేరు ఆ డబ్బా ఎలాగైనా ఇంటికి రావాలనుకుంది. సరిచేస్తే వచ్చేస్తుంది కదా, తర్వాత మళ్లీ మార్చుకోవచ్చని మనసులో లెక్క వేసుకుంది. అక్కడే మండలి బల్ల ముందు కూర్చుని ఎల్ఈడీలు రెండూ ఊడదీసింది. పరీక్షలో తరంగానికి కొంచెం తల మొలిచింది, కానీ పూర్తిగా కాదు. శబ్దం మరీ పెరిగి బ్యాటరీ శక్తికి మించి పోతుండటంతో పైన ఇంకా కాస్త చదును మిగిలింది. పెంచడం తగ్గించమన్నారు. తగ్గించింది. ఎంత వస్తే అంతే పంపమన్నారు. అలాగే చేసింది. ఇప్పుడు డబ్బాలోకి ఏది వెళ్తే అదే బయటికి వస్తోంది. త్రిపురాంతకం గారి ముఖం వికసించింది.

అంతటితో అయిపోయిందనుకుని ఆమె పొన్నాడపేట వచ్చేసింది. డబ్బా మాత్రం అక్కడే ఉండిపోయింది, దాన్ని భద్రతా విభాగం కూడా చూడాలట. భద్రతా విభాగం వాళ్లు చూసి, లోపల బ్యాటరీ ఉందని పసిగట్టారు. బ్యాటరీలో విద్యుత్తు ఉంటుందని, విద్యుత్తు ప్రమాదకరమని రాసి డబ్బాని సవరణ కోసం కాలేజీకి తిప్పి పంపారు. బ్యాటరీ తీసేస్తే శబ్దాన్ని పెంచే చిప్పు పని చేయదు. చిప్పు పని చేయకపోతే శబ్దమే రాదు.

ఎస్తేరుకి జీవితంలో మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. స్క్రూడ్రైవరు తీసుకుని లోపలున్న భాగాలన్నీ ఒక్కొక్కటిగా ఊడబెరికి సొరుగులో పడేసింది. శబ్దం లోపలికొచ్చే రంధ్రం నుంచి బయటికి పోయే రంధ్రానికి ఒకే ఒక్క వైరు ముక్క తిన్నగా అతికించింది. ఇది కూడా ఒక వస్తువేనా అని వాళ్లే విసిరికొడతారు, అప్పుడు నా డబ్బా నాకు దక్కుతుంది అని రూబేనుతో చెప్పింది. రూబేను ఆ వైరు ముక్క వైపు చాలాసేపు చూసి, అక్కా నువ్వు వాళ్లని తక్కువ అంచనా వేస్తున్నావన్నాడు.

రూబేను అన్నదే నిజమైంది. మండలి చరిత్రలో ఏ వస్తువుకీ రానన్ని మార్కులు ఆ డబ్బాకి వచ్చాయి. ధ్వనిలో మార్పు శూన్యం. విద్యుత్ వినియోగం శూన్యం. వేడెక్కడం శూన్యం. ఇంధన పొదుపు విభాగం వాళ్లు విషయం తెలుసుకుని తామూ ఒక బహుమతి ఇచ్చారు. ఇంతవరకు ఏ పరికరమూ ఇన్ని సున్నాలు సాధించలేదని త్రిపురాంతకం గారు పత్రికల వాళ్లతో అన్నారు.

దానికి శుద్ధనాద అని పేరు పెట్టారు. మూత మీది మూడు నాబ్‌లకీ లోపల దేనితోనూ సంబంధం లేదు కాబట్టి తీసేయమంటారా అని ఎస్తేరు అడిగింది. వినియోగదారుడి సంతృప్తి దృష్ట్యా ఉంచవలసిందేనన్నారు. పైగా వాటికి అచ్చమైన పేర్లు కావాలని పండితుల సభ జరిపి, ఉద్ధృతి, మాధుర్యం, గాంభీర్యం అని నిర్ణయించారు. గాంభీర్యం మధ్యలో ఉండాలా చివర్లో ఉండాలా అన్న దాని మీద ఇద్దరు పండితులు ఇప్పటికీ మాట్లాడుకోరు.

రాష్ట్రంలో ప్రతి పాలిటెక్నిక్‌కీ ఒక శుద్ధనాద చొప్పున పంపాలని తీర్మానించారు. వాడడం నేర్పడానికి శిక్షణ తరగతులు పెట్టారు. ముఖ్య శిక్షకురాలిగా ఎస్తేరుని వేశారు. మొదటి తరగతిలోనే ఆమె నిజం చెప్పేసింది. ఇందులో ఏమీ లేదండీ, ఒక వైరు ముక్క ఉంది అంతే అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంత కనిపెట్టి కూడా ఏమీ లేదంటున్నారే, ఎంత నిగర్వి అని ముందు వరుసలో ఒక హెడ్డు పక్కాయనతో అన్నారు. పేరున్న వాద్యకారుడొకాయన మాధుర్యం నాబ్ మెల్లగా కుడివైపుకి తిప్పి, కళ్లు మూసుకుని, ఆహా ఇప్పుడు తెర తొలగిందన్నారు. స్విచ్చి ఏ కాలితో నొక్కాలన్న ప్రశ్న వచ్చింది. దాని మీద ఉపసంఘం వేశారు.

ఎస్తేరు ఇంటికొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియక మంచం మీద కూర్చుంది. శాలువాల కుప్ప మాత్రం పెరుగుతోంది. ఆమె భర్త దయానందం బ్యాంకులో పని చేస్తాడు, సంగీతం జోలికి పోడు. ఆయన ఒక శాలువా తీసి భుజాన వేసుకుని, ఏమీ లేనిదానికే ఇన్ని ఇస్తున్నారు, ఏమైనా ఉండుంటే ఒకటీ ఇచ్చేవాళ్లు కాదన్నాడు. ఆమె నవ్వేసింది. నవ్విన తర్వాత కొంచెం తేలికపడింది.

స్వర్ణోత్సవాలు దగ్గరపడ్డాయి. ఎస్తేరు ఊరుకోలేదు, సొరుగులోని భాగాలన్నీ తీసి ఇంట్లో ఇంకో పెడల్ చేసుకుంది. కానీ సభకి త్రిపురాంతకం గారే ముఖ్య అతిథి. ప్రభుత్వ ఆవరణలో ప్రమాణీకరించని పరికరం ఏదీ వాడరాదని ముందే ఉత్తర్వు వచ్చింది. వామనరావు గారు ఆమెని పిలిచి, ఆ ఇంటి డబ్బా మాత్రం తేవొద్దమ్మా అని బతిమాలారు. రిటైర్మెంటు వచ్చే నెలే అన్నారు. ఆ ముఖం చూసి ఆమె కాదనలేకపోయింది.

అలా అయితే వాయించొద్దు మానేద్దామన్నాడు రూబేను. ఉప్పు లేని పులుసు అందరికీ వడ్డించడం దేనికన్నాడు. ఎస్తేరుకి మానడం ఇష్టం లేదు. పాత విద్యార్థులంతా వస్తున్నారు, తనకి మొదటిసారి సోల్డరింగు నేర్పిన వాళ్లు కూడా వస్తున్నారు. బోడి శబ్దంతోనైనా వాయిస్తానంది.

సభ రోజు మైదానం కిక్కిరిసిపోయింది. మైకు సెట్టు కూడా మండలి ప్రమాణీకరించినదే. దాని సంగతి ఎస్తేరుకి వేదిక వెనక నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. మామూలుగా అలాంటి ఆంప్లిఫయర్లలో ఒక రక్షణ ఏర్పాటు ఉంటుంది. శబ్దం హద్దు దాటబోతే అది వెనక్కి లాగి పట్టుకుంటుంది. మండలి వాళ్లు పరీక్షించినప్పుడు ఆ ఏర్పాటు తరంగం తలని తగ్గిస్తోందని కనిపెట్టి, లోపంగా గుర్తించి, ఊడదీయించేశారట. సెట్టు తెచ్చిన మనిషి చెబుతూ గర్వపడ్డాడు. ఇక హద్దు దాటిన శబ్దానికి ఆ సెట్టే తల కత్తిరిస్తుందని ఎస్తేరుకి అర్థమైంది.

వెనక వరుసల వాళ్లకి వినిపించడం లేదని గోల చేశారు. సౌండు పెంచమన్నారు. పెంచారు. ఇంకా అన్నారు. మొత్తం పెంచేశారు. అప్పుడు త్రిపురాంతకం గారు మైకు ముందుకొచ్చి, పెద్దలకు, పిన్నలకు అని మొదలుపెట్టారు. ఆంప్లిఫయరు ఆ గొంతుని మోయలేకపోయింది. ఆయన ఇస్త్రీ మాటలు స్పీకర్లలోంచి గరగరలాడుతూ, బొబ్బరిస్తూ, పులి నోట్లోంచి వచ్చినట్టు వచ్చాయి. జనం ముందు ఉలిక్కిపడ్డారు, తర్వాత ఈలలు వేశారు. తన ఉపన్యాసానికి అంత స్పందన ఎన్నడూ చూడని ఆయన మరింత గట్టిగా మాట్లాడారు. వక్రీకరణ లేని సమాజమే మా ధ్యేయం అన్న వాక్యానికి మైదానం ఊగిపోయింది.

ఆ తర్వాత ఎస్తేరు వేదికెక్కింది. గిటారు వైరుని శుద్ధనాదకి తగిలించి, శుద్ధనాద నుంచి ఆ సెట్టుకే కలిపింది. నిబంధన ప్రకారం కుడికాలితో స్విచ్చి నొక్కింది. రూబేను వైపు ఒకసారి చూసింది. మీటింది.

వచ్చిన ధ్వని ఆమె టిఫిను డబ్బాలో కూడా ఎప్పుడూ వినలేదు. మైదానం అంచు దాకా పాకి, అవతల సరుగుడు తోటకి తగిలి తిరిగొచ్చింది. మొదటి వరుస వాయించేసరికి ఆమెకి ఒళ్లు గగుర్పొడిచింది. ఇక బాణీ ఆమె వాయిస్తోందో, బాణీయే ఆమెని వాయిస్తోందో అన్నట్టయింది. రూబేను కర్రలు విరుగుతాయేమో అన్నంతగా కొట్టాడు. బట్టతలలూ, నెరిసిన జడలూ కుర్చీల్లోంచి లేచాయి. మెకానికల్ హెడ్డు పంచె ఎగగట్టి చిందేశారు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే వామనరావు గారు కుర్చీ చేతిని తబలా చేసుకున్నారు. త్రిపురాంతకం గారి బూటు కాలు మాత్రం అందరికంటే ముందు నుంచే తాళం వేస్తోంది. అది ఆయన ఎరుగరు.

వాయించడం అయ్యాక చాలాసేపటి వరకు చప్పట్లు ఆగలేదు. ఎస్తేరు చేతులు జోడించి నిలబడింది. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

శుద్ధనాద సామర్థ్యం బహిరంగ సభలో రుజువైందని, ధ్వనిలో ఏ మార్పూ లేదని వేలమంది సాక్షిగా తేలిందని మండలి ప్రకటించింది. దాంతో కొత్త చిక్కు వచ్చిపడింది. సభకి వచ్చినవాళ్లు తమ తమ కాలేజీలకి వెళ్లి శుద్ధనాద తొక్కి చూసుకున్నారు. పొన్నాడపేటలో వచ్చిన జీర రాలేదు. డబ్బా పని చేయడం లేదని రాయడానికి వీల్లేదు. లోపం లేనిదని ధ్రువపరిచిన వస్తువులో లోపం ఉందంటే మండలిలోనే లోపం ఉన్నట్టవుతుంది. అన్ని వైపుల నుంచీ వినయంగా విన్నపాలు వెళ్లాయి. చివరికి అన్ని శుద్ధనాదలకీ పొన్నాడపేటలో వార్షిక నిర్వహణ జరిపించాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వుని ఎస్తేరు ముందు పెట్టి వామనరావు గారు గొంతు సవరించుకున్నారు. రిటైరయ్యే లోపు ఆయన కలం పెట్టిన ఆఖరి పని అదే. నిర్వహణలో కొత్త భాగాలు చేర్చకూడదు. అరిగిపోయిన భాగాల స్థానంలో మాత్రం కొత్తవి వేయొచ్చు.

"లోపల ఏ భాగాలూ లేవు కదా సార్," అంది ఎస్తేరు.

"అంటే పూర్తిగా అరిగిపోయాయన్నమాట," అన్నారు వామనరావు గారు. ఆమె ఆయన దగ్గర పని చేసిన ఇన్నేళ్లలో అలా నవ్వగా చూడటం అదే మొదటిసారి.

అప్పటి నుంచి ఎలక్ట్రానిక్స్ ల్యాబులో సందడే సందడి. ఏ మూల నుంచో డబ్బాలు వస్తాయి. ఎస్తేరు తన విద్యార్థుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని వైరు ముక్కలు పీకించి, చిప్పులూ కెపాసిటర్లూ ఎర్ర బల్బులూ వేయిస్తుంది. ఒక్కో కాలేజీ వాద్యబృందానికి ఒక్కో రకం జీర. పాఠం చెప్పేటప్పుడు వెనక బెంచీ అంటూ ఇప్పుడు లేనే లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం తలుపు దగ్గర పొడవాటి నీడ పడింది. త్రిపురాంతకం గారు. కారు గేటు బయటే ఆపి నడిచి వచ్చారు, చొక్కా నలిగి ఉంది. భుజాన పాత గిటారు, చంకలో శుద్ధనాద. చదువుకునే రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్నని, ఉద్యోగం వచ్చాక అటక మీద పెట్టేశానని, ఆ సభ తర్వాత కిందికి దింపానని ఆయన నేల చూపులు చూస్తూ చెప్పారు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. కూర్చోండి కూర్చోండి అన్నారు.

ఎస్తేరు డబ్బా తెరిచి, లోపలి వైరు తీసి, భాగాలు ఒక్కొక్కటే అతికించింది. గిటారు తగిలించి ఇచ్చింది. ఆయన కాలితో నొక్కి, మునివేళ్లతో తీగ ఒకసారి మీటి, తల పక్కకి వాల్చి విన్నారు. ఇంకోసారి మీటారు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసుకుని, ఆమె దగ్గరగా వంగి గొంతు తగ్గించారు.

"లోపం ఇంకాస్త వేయమ్మా," అన్నారు.